తాళాలకి అభ్యంతరం లేదు

సాయం చేసే వ్యవస్థలు లోకంలో బోలెడున్నాయి. కానీ ఎవరూ ఎవరికీ సాయం చెయ్యకుండానే అందరికీ సాయం అందుతున్నట్టు అనిపించే వ్యవస్థను నిర్మించిన ఘనత మాత్రం మా శాఖదే. దాని పేరు రాష్ట్ర ప్రొబేషన్ సిబ్బంది పరస్పర ఆసరా వేదిక. మా జిల్లాకి దాని సమన్వయకర్తను నేనే. (ఎన్నికలో నాకు పోటీ లేదు. ఆ రోజు మీటింగ్‌కి మిగతావాళ్ళు రాలేదు.)

నా అసలు ఉద్యోగం ప్రొబేషన్ అధికారి. తప్పు చేసినవాణ్ణి కోర్టు జైలుకి పంపకుండా "బుద్ధిగా ఉంటానని పూచీ రాసిచ్చి వెళ్ళు" అంటుంది. వాడు బుద్ధిగా ఉన్నాడో లేదో నేను చూడాలి. వాళ్ళు సోమవారం సోమవారం వచ్చి నా ఎదుట కూర్చుంటారు. "బుద్ధిగా ఉన్నావా?" అంటాను. "ఉన్నాను సార్" అంటారు. దీన్ని మా శాఖలో శాస్త్రీయ పర్యవేక్షణ అంటారు.

ఈ పనిలో ఒత్తిడి ఎక్కువని పైవాళ్ళు గుర్తించారు. కొత్త పోస్టులు వెయ్యడం కుదరదు కనక వేదిక వేశారు. వేదిక అంటే ఫోన్లో ఒక గ్రూపు. నియమావళి రాసింది నేనే. సభ్యులు ఒకరికొకరు విడిగా ఫోన్ చేసుకోవడం వేదికను అవమానించడమేనన్న అయిదో నియమం పూర్తిగా నా సొంత ఆలోచన. ప్రతి అభ్యర్థనకీ ప్రతి సభ్యుడూ స్పందించాలి అనే నియమం కూడా ఉంది. స్పందన అంటే బొటనవేలు గానీ, నమస్కారం గానీ, పువ్వు గానీ. (జవాబు అనే మాట నియమావళిలో ఎక్కడా లేదు. కావాలని కాదు, మర్చిపోయాను.)

నాకు పేర్లు గుర్తుండవు, మనుషుల లక్షణాలు గుర్తుంటాయి. అందుకని నా ఫోన్లో నంబర్లన్నీ లక్షణాల పేరు మీదే ఉంటాయి. రాష్ట్ర కన్వీనర్ "పువ్వులాయన". పక్క జిల్లా అధికారి ఆఫీసుకి ఎప్పుడు వెళ్ళినా తాళం వేసి ఉంటుంది కనక ఆయన "తాళాలు". నా దగ్గరికి సోమవారాలు వచ్చే తాళాల మాస్టరు, పరాయివాళ్ళ తాళాలు వాళ్ళని అడక్కుండా తీసినందుకు శిక్షపడ్డవాడు, అతనూ "తాళాలు". ఇందులో తికమకకి తావు లేదని నా గట్టి నమ్మకం. ఒకాయన తాళం ఎప్పుడూ తెరుచుకోదు, ఇంకొకడి ముందు ఏ తాళమూ నిలవదు.

పక్క జిల్లా అధికారిని వేదికలో చేర్చింది నేనే. చేరినప్పట్నుంచీ ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. పేరు పక్కన తాళంకప్ప ఫొటో పెట్టుకున్నాడు. తన మీద తనే జోకేసుకోగల పెద్దమనిషి అని మెచ్చుకున్నాను.

ఇదిలా ఉండగా మాస్టరులో మార్పు వచ్చింది. ఆలస్యంగా రావడం మానేశాడు. వస్తూనే "నిద్ర పడుతోందా సార్?" అని అడిగేవాడు. నిద్ర పట్టడం లేదని నేను వేదికలో తప్ప ఎక్కడా చెప్పలేదు. వీడి మనసు నా మనసును పసిగట్టేంత మెత్తబడిందని మురిసిపోయి, నా పర్యవేక్షణ ఫలితమని నివేదికలో రాసుకున్నాను.

ఒక సోమవారం మాస్టరు కూర్చోలేదు.

"సార్, గురువారం మా చెల్లికి ఆపరేషన్. కడుపులో గడ్డ. పక్క జిల్లా పెద్దాసుపత్రిలో."

"అయ్యో. కూర్చోవయ్యా."

"దానికి నేను తప్ప ఎవరూ లేరు సార్. అయినవాళ్ళు సంతకం పెడితేగానీ కత్తి ముట్టుకోమంటున్నారు. ఈ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేరంట. అన్నాళ్ళు ఆగే గడ్డ కాదంట."

పర్యవేక్షణలో ఉన్నవాడు జిల్లా దాటాలంటే నేను సంతకం పెట్టాలి. నేను పెట్టాలంటే అభ్యంతరం లేదని అవతలి జిల్లా అధికారి చెప్పాలి. అంటే చెల్లెలి కోసం ఇతను సంతకం పెట్టడానికి నేను సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకోవాలి. చెప్పకుండా వెళ్ళాడా, పూచీ రద్దు. నేరుగా జైలు.

"భయపడకు," అన్నాను. "వేదికకి సమన్వయకర్తని నేనే."

"అందుకే భయం సార్."

(అప్పుడు నాకు అర్థం కాలేదు.)

అతని ముందే వేదికలో రాశాను: "సోదర సోదరీ సభ్యులకు నమస్కారం. నా పర్యవేక్షణలో ఉన్న ఒక వ్యక్తి చెల్లెలి ఆపరేషన్ కోసం గురువారం పక్క జిల్లాకి వెళ్ళాలి. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

స్పందన వెల్లువెత్తింది. బొటనవేళ్ళు, నమస్కారాలు, పువ్వులు. ఒకాయన చెల్లెలి బ్లడ్ గ్రూపు అడిగాడు. కనుక్కుని చెప్తే "మంచిది" అన్నాడు. సాయంత్రానికి కన్వీనర్ స్వయంగా పలికారు: "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది. ఇలాంటి ప్రశ్న అడిగే ధైర్యం సభ్యుల్లో రావడమే వేదిక విజయం."

మంగళవారం ఒక ఉపసంఘం వేశారు. అడగాల్సింది "అభ్యంతరం ఉందా" అనా, "సమ్మతి ఉందా" అనా అని తేల్చడానికి. గురువారం పొద్దున, సరిగ్గా ఆపరేషన్ వేళకి, "సాయం అడగడం ఎలా?" అనే అంశం మీద ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు. అందరూ హాజరు కావాలన్నారు. నేను పువ్వు పెట్టాను.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఫోన్ చూస్తున్నాను. మా ఆవిడ అంది, "ఏమండీ, ఆ పక్క జిల్లా ఆయనకి ఒక్క ఫోన్ కొట్టి అడిగెయ్యొచ్చుగా?"

"అయిదో నియమం ఒప్పుకోదు."

"ఎవడండీ ఆ నియమం రాసిన మహానుభావుడు?"

మంచినీళ్ళు తాగాను.

"మీరేనా! ఆ పిల్ల అక్కడ కడుపు పట్టుకుని పడుకుంది, ఈ అన్న ఇక్కడ మీ గుమ్మం పట్టుకుని నించున్నాడు. సరే, అన్నం చల్లారిపోతోంది. అదైనా తింటారా, పరిశీలిస్తారా?"

బుధవారం తన రోజు కాకపోయినా మాస్టరు వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో సంచి ఉంది.

"ఏమైంది సార్?"

"పరిశీలనలో ఉంది."

"నేనూ మీ పరిశీలనలోనే ఉన్నాను కదా సార్. నాకు ఆఖరి తేదీ రాసిచ్చారు. దానికి లేదా?"

వ్యవస్థ అన్నాక ఓపిక పట్టాలని చెప్పాను.  అతను సంచి తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

నేను రెండో పువ్వు వెతుక్కుంటుండగా ఫోన్ టింగుమంది. వేదికలో "తాళాలు" మొదటిసారి నోరు విప్పాడు: "నాకు ఏ అభ్యంతరమూ లేదండి."

కుర్చీ వెనక్కి తోసి వరండాలోకి పరిగెత్తాను. మాస్టరు ఫోన్ జేబులో పెట్టుకుంటున్నాడు.

"పక్క జిల్లా ఆయన ఒప్పుకున్నాడయ్యా!"

"అలాగా సార్," అన్నాడు. "బస్సుకి టైమైంది, మీరు సంతకం పెడితే..."

కాగితం గోడకి ఆనించి పెట్టేశాను.

వేదిక పులకించింది. పుట్టిన తరవాత ఒకరికి నిజంగా ఉపయోగపడటం ఇదే మొదలు. (ఈ మాట నేను బయటికి అనలేదు, నివేదికలో "మరో విజయం" అని రాశాను.) తాళాలకి "ఉత్తమ స్పందనకర్త" అవార్డు ప్రకటించారు కన్వీనర్. వార్షిక సభలో ఇస్తారట. ఎవరో సభ్యుడు కాదు, "పక్క జిల్లా అధికారి" అని హోదాతో సహా చెప్పి నేనే సిఫారసు చేశాను.

సోమవారం మాస్టరు ఠంచనుగా వచ్చాడు.

"చెల్లెలికెలా ఉంది?"

"లేచి కూర్చుని నన్ను తిడుతోంది సార్. బాగైపోయినట్టే."

అప్పుడు నా ఫోన్ మోగింది. తెర మీద "తాళాలు".

"ఏమండోయ్," అంది అవతలి గొంతు. "నాకేదో అవార్డని ఉత్తరం వచ్చింది. నేనేం చేశానండీ?"

"అదేనండీ, వేదికలో మీరు..."

"ఏ వేదిక?"

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి నంబర్లు చూశాను. తాళాలు. దాని కింద ఇంకో తాళాలు. తలెత్తి మాస్టరు వంక చూశాను. అతను ఫ్యాన్ వంక చూస్తున్నాడు.

ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాను. "నువ్వెప్పట్నుంచి ఉన్నావయ్యా ఆ గ్రూపులో?"

"మీరు చేర్చినప్పట్నుంచే సార్."

"బయటికి పోవచ్చుగా!"

"దాంట్లోంచి పోవాలన్నా మీ సంతకం కావాలేమో అనుకున్నాను."

"మరి అభ్యంతరం లేదని ఎందుకు రాశావ్?"

"ఎవరికైనా ఉందా అని అడిగారు సార్. నేనూ ఎవరో ఒకణ్ణే కదా. నిజంగానే నాకు లేదు."

 ఇది కోర్టుకి తెలిస్తే అతను చెల్లని సంతకంతో జిల్లా దాటినట్టు. పూచీ రద్దు, జైలు. అతని మొహంలో కూడా ఆ లెక్క తెలిసిపోతోంది. ఫోన్లో "హలో, హలో" అంటున్నాడాయన.

"ఏం లేదండీ," అన్నాను. "ఆపరేషన్ కోసం ఒకతను మీ జిల్లాకి వస్తానంటే మీకు అభ్యంతరం లేదన్నారు. అందుకే అవార్డు."

"నేను అన్నానా?"

"మీరు అనకపోతే ఇంకొకరికి ఇస్తారటండీ."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఎందుకుంటుందండీ అభ్యంతరం!" అన్నాడు. "మానవత్వం కదా అది. ఫోటోలు తీస్తారా?"

"తీస్తారు. ఈలోగా ఆ మాటే ఒక కాగితం మీద..."

సాయంత్రానికి కాగితం వచ్చేసింది. (ఆ రోజు ఆయన ఆఫీసు తాళం తీశారని చూసినవాళ్ళు చెప్పారు.) మాస్టరు ఊపిరి వదిలి, కుర్చీలో మొదటిసారి వెనక్కి వాలాడు.

వార్షిక సభలో పక్క జిల్లా అధికారి "మన తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండాలి" అని కళ్ళు తడి చేసుకుని మాట్లాడాడు. నాకు కూడా ఉత్తమ సమన్వయకర్తగా ప్రశంసాపత్రం ఇచ్చారు. చట్రం కట్టించి, మాస్టరు కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడకి కొట్టించాను.

ఆ పత్రం ఎదుటే మాస్టరు ఆఖరి సోమవారం వచ్చింది. కాగితాలు ముగించి చెయ్యి కలిపాను.

"ఇవాళ్టితో నీ పరిశీలన అయిపోయిందయ్యా. గ్రూపులోంచి కూడా తీసేస్తున్నాను."

"నిన్న ఎవరో మేడమ్ ఆఫీసు బీరువా తాళం పోయిందని రాశారు సార్. అందరూ పువ్వులు పెట్టారు. నాకు చేతులు దురద పెట్టాయి గానీ, పూచీ రాసిచ్చాను కదా, ఊరుకున్నాను." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నన్ను ఉండనివ్వండి సార్. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పేవాడు ఒక్కడైనా ఉండాలి కదా."

పరిశీలిస్తానన్నాను.