మా క్రెయిగ్‌కు శిక్షలో డిస్కౌంట్

పాఠకులారా, దొంగ మారకపోవడమే షాపువాడికి అదృష్టం! కొత్తవాడొస్తే సిగరెట్లు ఏ అరలో ఉన్నాయో మొదటినుంచీ చెప్పుకోవాలి. మా క్రెయిగ్‌తో ఆ బాధ లేదు.

ఈ పరాయి దేశంలో, హెండర్సన్ అనే ఊళ్లో మాకో డెయిరీ ఉంది. డెయిరీ అంటే ఇక్కడ పాలు, బ్రెడ్డు, సిగరెట్లు అమ్మే చిన్న కొట్టు. నేను, మా ఆవిడ సరోజ చెరోపూట కౌంటర్లో ఉంటాం. క్రెయిగ్ మొదటిసారి సుత్తితో వచ్చాడు. రెండోసారీ సుత్తే. మూడోసారి అద్దం పగిలి సరోజ చేతికి ఆరు కుట్లు పడ్డాయి. ఎంత నిలకడ!

పోలీసులకు దొరికాక, శిక్ష వేసే ముందు కోర్టువాళ్లే నాకూ అతనికీ ఒక మీటింగ్ పెట్టించారు. క్రెయిగ్ తల వంచుకుని కూర్చున్నాడు.

"సారీ బాస్. నాకో రిఫరెన్స్ లెటర్ ఇస్తావా? ఇన్నేళ్లుగా నన్ను ఎరిగినవాడివి నువ్వే."

నిజమే కదా! కాదనలేకపోయాను. "టైముకు వచ్చే మనిషి. ఎవరి సాయమూ అడగడు. పనిముట్టు సొంతది" అని రాసి సంతకం పెట్టాను.

తీర్పు రోజున జడ్జిగారు నేరం ఒప్పుకున్నందుకు కొంత తగ్గించారు. పశ్చాత్తాపానికి కొంత, చిన్ననాటి కష్టాలకు ఇంకొంత. క్రిస్మస్ మర్నాటి బాక్సింగ్ డే సేల్‌లో టీవీకి కూడా ఇంత తగ్గింపు చూడలేదు! "ఇతను మారే అవకాశం బలంగా ఉంది" అన్నారు. చివరికి మిగిలింది, కాలికి ఎలక్ట్రానిక్ పట్టీతో కొన్ని నెలలు వాళ్ల పిన్నిగారింట్లో ఉండటం.

అంతకుముందు సరోజ తన గోడు రెండు పేజీలు రాసుకొచ్చి చదివింది. "ఇతను మళ్లీ వస్తాడని భయంగా ఉంది" అనగానే అతని లాయరు లేచాడు. అది ఊహ మాత్రమేనట, జరిగినవే చదవాలట. జడ్జిగారు మర్యాదగానే ఆ లైను కొట్టేయమన్నారు. కుట్లు పడ్డ చేత్తోనే కొట్టేసింది.

తిరిగొస్తూ కార్లో అడిగింది.

"ఏవండీ, మూడుసార్లు వచ్చాడుగా. ఇంకా ఊహేంటండీ?"

"లా పాయింటు సరోజా, మనకర్థం కాదు."

"అయితే రేపట్నుంచి కౌంటర్లో మీరే ఉండండి. నావల్ల కాదు."

అన్నట్టే మానేసింది. ఇప్పుడు రెండు పూటలూ నేనే. తలుపు గంట మోగితే మేడమీద మా ఇంట్లో ఆమె లేచి నిలబడటం కింద నాకు వినిపిస్తుంది.

మూడుసార్లు వచ్చినవాడు నాలుగోసారీ వస్తాడనుకుంటే అది ఊహ. మూడుసార్లు మారనివాడు ఈసారి మారతాడనుకుంటే అది తీర్పు!