రెండు సీట్ల కారుకు పసుపు వైద్యం

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే శ్రీరాములుకు ఒక కారు ఉండేది. గిద్దలూరు రైల్వేలో పనిచేసిన తెల్లదొర సీమకు పోతూ వదిలించుకున్న పందెంకారు అది. పైకప్పు లేదు, సీట్లు రెండే, వయసు మాత్రం శ్రీరాములు కాపురమంత. అమ్మిన రోజు దొర అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. శ్రీరాములు దాన్ని స్నేహమనుకున్నాడు. పరామర్శ అని తర్వాత తెలిసింది.

ఆ కారు పేరుకు తగ్గట్టే కారేది. ముందు నుంచి నీళ్ళు, కింద నుంచి నూనె. శ్రీరాములు ఊళ్ళో ఎక్కడున్నాడని ఎవరినీ అడగనక్కరలేదు. చుక్కల వెంట పోతే దొరికేవాడు.

భార్య మాలకొండమ్మకు అది చూస్తే ఒళ్ళు మంట. వాకిట్లో నూనె మరకల మీద ముగ్గు నిలిచేది కాదు. పైగా దాన్ని కొన్నది ఆమె వడ్డాణం అమ్మి. అందుకని ఉంచాలన్నా, వదిలించుకోవాలన్నా ఆమెదే మాట.

"మద్రాసు నుంచి సామాన్లు తెప్పించి రిపేరు చేయిస్తే కొత్త పెళ్ళికూతురులాగ ఉంటాదే," అన్నాడు శ్రీరాములు.

"ఇంట్లో పాత పెళ్ళికూతురు ఒకతుంది. దానికేం తెప్పించినావు?"

"కొంచెం కారుతుంది, అంతే గదా."

"మైలుకొకసారి దానికి నీళ్ళు తాపుతున్నావు. మీ నాయనకు గూడా ఇంత సేవ చేయలేదు నువ్వు. శుక్రవారం తర్లుపాడు మా అన్న ఇంటికి పోదాం. చుక్క కారకుండా చేరితే రిపేరు మాట ఆలోచిస్తా. కారిందంటే కాటమరాజన్నకు ఇచ్చేస్తా."

కాటమరాజు తర్లుపాడులో గొడ్ల బేరగాడు, ఆమెకు వరసకు అన్న.

శ్రీరాములు మెకానిక్ కరుణాకరం దగ్గరికి పరుగెత్తాడు. "లారీలోళ్ళు రేడియేటర్లో గుప్పెడు పసుపేస్తారన్నా. కారే చిల్లి పూడిపోతుంది," అన్నాడు కరుణాకరం. తన కారుకు గుప్పెడేమిటని శ్రీరాములు ఇంట్లో పసుపంతా పోశాడు. నూనె కారేచోట బెల్లం, సున్నం కలిపి మెత్తాడు. కారడం ఆగింది. చీమలు మొదలైనాయి.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు.

"ఏందే, పప్పు ఇంత తెల్లగా ఉంది?"

"పసుపు లేదు."

"మొన్ననే గదా వీశెడు తెచ్చినా..." అని నాలుక కరుచుకున్నాడు. "ఎలుకలు తిని ఉంటాయిలే."

"పాపం, వాటికి జలుబేమో," అని ఆమె మజ్జిగ పోసింది.

శుక్రవారం ఎనిమిది మైళ్ళూ చుక్క రాలలేదు. శ్రీరాములు దారిలో మూడుచోట్ల కారు ఆపి, ఆమెను దింపి, కింద పొడినేలను చూపించాడు. మూడోసారి ఆమె కొంగుతో విసురుకుంటూ, "చూసినాలే. నేల చాలా బాగుంది," అంది.

బావమరిది వాకిట్లో కాటమరాజు ఒక పాడిబర్రెతో సహా కాచుకుని ఉన్నాడు. కారు చుట్టూ తిరిగాడు. పళ్ళు చూసినట్టు ముందు మూత ఎత్తి చూశాడు. గిట్టలనుకున్నాడేమో చక్రాలను తట్టాడు. వెనక్కి పోయి సుడుల కోసం వెతికాడు.

"బావా, మా బేరంలో ఒక పద్ధతుంది. అమ్మేటోళ్ళను మూడుసార్లు అడుగుతాం. దీంట్లో తప్పేమన్నా ఉందా?"

"ఏ తప్పూ లేదు," అన్నాడు శ్రీరాములు రొమ్ము విరిచి.

"అట్లయితే ఈ బర్రెనిస్తా."

"అమ్మేదానికి రాలేదయ్యా మేము."

"నువ్వు ఊరికే జవాబు చెప్పు. అమ్మేది నేను గదా," అంది మాలకొండమ్మ.

"రెండోసారి అడుగుతున్నా బావా. తప్పుందా?"

"లేదు," అన్నాడు. గొంతు సగానికి దిగింది.

"అయితే రెండు బర్రెలు."

"చుక్క కారని బండన్నా ఇది. దూడను గూడా ఇయ్యాల," అంటూ ఆమె అప్పుడే బర్రె పొదుగు తడిమి చూస్తోంది.

శ్రీరాములుకు సంగతి అర్థమైంది. కారు మంచిదయ్యేకొద్దీ చేజారిపోతోంది. ఇక దాన్ని కాపాడగలిగింది దాని రోగమే.

"మూడోసారి బావా. తప్పుందా?"

"ఉంది," అని అరిచాడు. "ఉన్నదంతా తప్పే. పసుపు పోసినా, బెల్లం మెత్తినా. చూడు కావాలంటే." కండువా చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు. పచ్చటి నీళ్ళు నిలువెత్తు ఎగజిమ్మి, చల్లారుతూ అతని నెత్తినే పడ్డాయి. నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఆ అదురుకు కింద బెల్లం ఊడి, నూనె ధారకట్టింది.

కాటమరాజు మీసాలు తుడుచుకున్నాడు. "చెల్లే, తప్పున్న బండికి ఒక్క బర్రే. ఇప్పుకో. బేరం అయిపోయింది."

"ఇంత చూసి గూడా కొంటావా?" అన్నాడు శ్రీరాములు.

"పసుపు సంగతి చెల్లెలు నిన్ననే కబురు చేసింది. ఇంజను ఊడదీసి బాయి నీళ్ళు తోడేదానికి పెట్టుకుంటా. నీళ్ళు కారినా నా చేన్లోకే గదా. కాని తప్పు దాచేటోళ్ళ దగ్గర నేను కొననబ్బా. మూడోసారి గూడా లేదనుంటే లేచి పోయేవాణ్ణి."

శ్రీరాములు భార్య వైపు తిరిగాడు. "అంటే, నోరు మూసుకొనుంటే కారు నాకే మిగిలేదా?"

"మిగిలేది. పదహారేండ్ల నుంచి చూస్తున్నా, నీ కడుపులో ఏ మాటా సాయంత్రం దాకా నిలవదు. ఆ ధైర్యంతోనే వచ్చినా."

తిరుగు ప్రయాణంలో ఆమె అన్న ఎద్దులబండెక్కింది. శ్రీరాములు పచ్చటి చొక్కాతో, బర్రె పలుపు పట్టుకుని వెనక నడిచాడు. అయిదో మైలు దగ్గర అతని ముఖం వెలిగింది.

"చూడే, ఇది గూడా కారుతా ఉంది," అన్నాడు బర్రె పొదుగు చూపించి.

"కారనీ," అంది ఆమె బండిలోంచి. "ఇంటికి పోయినాక కింద చెంబు పెడతా. నువ్వు మాత్రం దాంట్లో ఏమీ పోయొద్దు."