షటిల్ కోర్టు రిజిస్టరు

ఆ ఉదయం గొడవ సాక్సుల దగ్గర మొదలైంది. జయకృష్ణ ఎడమకాలి సాక్సుకు నీలం గీత ఉంది, కుడికాలి దానికి నల్లగీత.

"జత కూడా చూసి పెట్టలేవా? నలుగురిలో ఆడేవాణ్ణి."

"ఏ నలుగురండీ? గేటుకి తాళం వేసుకుని ఆడేది మీ నలుగురేగా," అంది కీర్తన, ఉప్మా కలుపుతూ. "మీ కాళ్ళు వాళ్ళకేం కొత్తా?"

గన్నవరం వెళ్ళే దారిలో ఉన్న ఆ కాలనీకి మునిసిపాలిటీ వారు రేకుల షెడ్డు వేసి, షటిల్ కోర్టు కట్టించి మూడేళ్ళయింది. తాళంచెవి కాలనీ సంఘానికి అప్పగించారు. సంఘం కార్యదర్శి జయకృష్ణ. ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా సంఘం పెద్దలు ఆడతారు. ఆడవాళ్ళకు పదకొండు నుంచి ఒంటిగంట దాకా అని తీర్మానం ఉంది. ఆ వేళ ఆ రేకుల కింద వడియాలు ఎండుతాయి గాని మనుషులు ఆడలేరు. కీర్తన డిగ్రీ చదివిన మూడేళ్ళూ కాలేజీ షటిల్ జట్టుకు కెప్టెను. పొద్దున చల్లని వేళ ఒక్క గంట ఇప్పించమని భర్తను చాలాసార్లు అడిగింది. "మీటింగులో పెడతాను" అనేవాడు. పెట్టేవాడు కాదు.

సాక్సులు మార్చుకుంటుండగానే ఫోను వచ్చింది. మునిసిపాలిటీలో క్రీడలు చూసే అధికారి జాన్ పాల్ శుక్రవారం తనిఖీకి వస్తున్నారట. పథకం పేరు 'అందరికీ ఆట'. ఆడవాళ్ళూ, వయసు మళ్ళినవాళ్ళూ, దివ్యాంగులూ కోర్టును వాడుకుంటున్నట్టు రిజిస్టరులో కనబడకపోతే సంఘం నుంచి తాళంచెవి తీసేసుకుంటారట.

రిజిస్టరు తెరిస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా తెల్లగా ఉంది. సంతకాలు బయటివాళ్ళకు గాని పెద్దలకెందుకని సంఘం వాళ్ళు పెట్టలేదు. బయటివాళ్ళను గేటు దాటనివ్వలేదు.

"శౌరయ్యా, మూడు నెలలకి సరిపడా పేర్లు రాసెయ్," అన్నాడు జయకృష్ణ కోర్టు వాచ్‌మన్‌తో.

"ఎవరివి రాయమంటారండి?"

"మా అమ్మది, మా ఆవిడది, పక్కింటి ఆడాళ్ళవి. దివ్యాంగుల గడిలో సందు చివర జాకెట్లు కుట్టే మార్తది."

"టైమండి?"

"మనం ఆడేదే వెయ్యి. లైట్లు వెలిగేది అప్పుడేగా, కరెంటు బిల్లుతో సరిపోవాలి."

"మరి తమరి పేర్లండి?"

"మావెందుకయ్యా? మేం ఉన్నామని ఊరందరికీ తెలుసు!"

శౌరయ్య రెండు రోజులు కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాశాడు. దాని జిరాక్సు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఎవరో ఉత్సాహవంతుడు సీతారావమ్మ అనే డెబ్బయ్యొక్కేళ్ళావిడ మూడు నెలల్లో ఒక్కరోజు కూడా మానలేదని గమనించాడు. ఇంకేముంది, కార్యదర్శిని అడిగి ఆధార్ కార్డులోని ఫోటో తెప్పించుకున్నారు. బుధవారానికల్లా కాలనీ మలుపులో ఫ్లెక్సీ లేచింది: 'బామ్మ రోజూ ఆడుతోంది. మరి మీరు?'

మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం నుంచి సీతారావమ్మ ఆడపడుచు ఫోను చేసింది. "మా గృహప్రవేశానికి రమ్మంటే మోకాళ్ళు వంగడం లేదన్నావు. షటిల్‌కి వంగుతున్నాయా వదినా?"

సీతారావమ్మ ఫోను పెట్టేసి కొడుకును పిలిచింది. "ఒరేయ్ కృష్ణా, నేనెప్పుడు ఆడానురా?"

"రిజిస్టరులోనేనమ్మా. శుక్రవారం ఒక్కపూట బ్యాటు పట్టుకుని నిలబడు, చాలు."

"నిలబడతాను. నీ మోకాళ్ళు పట్రా."

జయకృష్ణ భార్యవైపు తిరిగాడు. "నువ్వన్నా పరువు నిలబెట్టు."

"వస్తాను గాని, ఉత్తినే నిలబడనండీ. ఆడతాను."

"ఆడుకో. ఒక్కరోజేగా!"

శుక్రవారం అయిదున్నరకు సంఘం పెద్దలు కంచె బయట, ఆడవాళ్ళు లోపల ఉన్నారు. కీర్తన మొదటి పది నిమిషాలు తడబడింది. తర్వాత కొట్టిన స్మాషుకు అవతల ఉన్న పక్కింటావిడ బ్యాటు అక్కడే పడేసి చప్పట్లు కొట్టింది. సీతారావమ్మ కుర్చీ వేయించుకుని పాయింట్లు లెక్కబెడుతోంది.

"ఇవాళ మీరు ఆడట్లేదేమమ్మా?" అడిగాడు జాన్ పాల్.

"మూడు నెలలు ఏకధాటిగా ఆడానట కదా బాబూ. ఇవాళ సెలవు పెట్టాను."

అంతలో గేటు దగ్గర మార్త మూడుచక్రాల బండి ఆగిపోయింది. పశువులు రాకుండా అక్కడ అడ్డదిడ్డంగా ఇనప పైపులు పాతారు.

"మీరు రోజూ వస్తున్నట్టుందే! ఇందులోంచి బండి ఎలా పడుతోందండీ?" అన్నాడు జాన్ పాల్.

"నేను రోజూ ఆడుతున్నానని నాకూ నిన్ననే తెలిసిందండీ," అంది మార్త. "గెలుస్తున్నానా?"

జాన్ పాల్ నవ్వలేదు. రిజిస్టరు మొత్తం తిరగేశాడు. "కార్యదర్శి గారూ, ఇందులో రాసిందంతా నిజమేనా?"

కాదంటే తాళంచెవి పోతుంది. "అక్షరం అక్షరం నిజమండీ," అన్నాడు జయకృష్ణ.

"అయితే కింద సంతకం పెట్టండి."

పెట్టాడు.

"మంచిది. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా ఇక్కడ ఆడేది ఆడవాళ్ళూ, పెద్దవాళ్ళూ, మార్త గారూ. ఇక నుంచి ఆ వేళ వాళ్ళకే ఖాయం. పైపులు రేపే పీకించేస్తాను. తాళంచెవి కీర్తన గారి దగ్గర ఉంటుంది."

"మరి మేమో, సార్?"

"మీరూ ఆడతారా? ఎక్కడా పేరు కనబడలేదే!" జాన్ పాల్ ఈసారి ఆప్యాయంగా నవ్వాడు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆదివారం సాయంత్రాలు క్లాసు పెడుతున్నాం. బ్యాటు పట్టుకోవడం దగ్గర్నుంచి చెప్తారు, తప్పకుండా చేరండి."

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నారు. పెరుగు దాకా వచ్చాక సీతారావమ్మ గొంతు సవరించుకుంది.

"రేపట్నుంచి అమ్మాయి అయిదింటికే లేచి కోర్టుకెళ్తుంది. లెక్కలు చూడ్డానికి నేనూ వెళ్తాను. పాలు కాచడం, డికాషను దించడం, ఇడ్లీ ప్లేట్లలో పిండి వెయ్యడం కృష్ణ చూసుకుంటాడు."

"నన్నొక్క మాట అడగాలి కదమ్మా!"

"మీటింగులో పెట్టాంగా," అంది కీర్తన, ఆవకాయ వడ్డిస్తూ.

అభ్యంతరం చెప్పడానికి తాను తప్ప ఇంకెవరూ లేనందున, తీర్మానం ఆమోదం పొందినట్టు కార్యదర్శి గ్రహించాడు.