గుమ్మం దాకా వచ్చిన కుర్చీ

సోమవారం పొద్దున పదిన్నరకు కార్యాలయ న్యాయ పరిశోధన సంస్థలో కింది ఉద్యోగులకు మనిషికి రెండు చుక్కల చొప్పున న్యాయం వేస్తారు. రాజధాని నుంచి రాత్రి బస్సులో ఐసు పెట్టెలో పెట్టి పంపిస్తారు. నాలుక మీద చుక్కలు పడగానే ఎడమచేతి చిటికెన వేలి గోరు మీద ఊదారంగు సిరా గీత పెడతారు, ఒకే మనిషి రెండోసారి వరసలో నిలబడకుండా. చుక్కలకు ముందు అరగంట, వెనక అరగంట టీ తాగకూడదు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు సీసాలను ఎదురుగా ఉన్న సోడా కొట్టు ఫ్రిజ్‌లో దాస్తారు. ఆ రోజుల్లో కొట్టువాడు సోడా గొంతు దాకా నింపి ఇచ్చేవాడనీ, అడక్కుండానే నిమ్మకాయ పిండేవాడనీ సంస్థలో చెప్పుకునేవారు.

ఒంగోలు పక్కన పాత పొగాకు గోడౌనులో సంస్థను పెట్టి తొమ్మిదేళ్ళయింది. వానాకాలం గోడలు చెమ్మగిల్లితే ఇప్పటికీ పొగాకు వాసన వస్తుంది. పనిచేసే చోట మనిషికి న్యాయం జరిగితే పనిలో తేడా వస్తుందా రాదా అని తేల్చడం సంస్థ పని. అందుకోసం ఇరవై నలుగురు ఉద్యోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు న్యాయం వేస్తారు, రెండో జట్టుకు పంచదార నీళ్ళు వేస్తారు. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి, మూతల మీద అంకెలు తప్ప వేరే గుర్తు ఉండదు. ఎవరు ఏ జట్టో రాసిన కాగితం డైరెక్టరుగారి బీరువాలో లక్క ముద్రతో ఉంది. అంకెలు మాత్రమే రాసిన చీటీలు అందరి ముందూ తీశారు. ఎవరి చీటీ వాళ్ళే తీసుకున్నారు, తీసుకున్నట్టు సంతకాలు పెట్టారు. పంపకం ఇంత న్యాయంగా జరిగిన సంస్థ దక్షిణాదిలో మరొకటి లేదని ఏటా నివేదిక మొదటి పేజీలో రాస్తారు.

చెంచులక్ష్మి చీటీ కూడా చెంచులక్ష్మే తీసింది.

ఆమె పామూరు వైపు పల్లెటూరి మనిషి. ఊరి హైస్కూల్లో చదివి, కంప్యూటరు నేర్చుకుని, కాంట్రాక్టు మీద రికార్డు గదిలో చేరింది. రాష్ట్రంలో ఉన్న ఆఫీసులన్నిటి నుంచీ ప్రశ్నపత్రాలు మూటలు మూటలుగా వస్తాయి. ‘మీ కార్యాలయంలో మీకు న్యాయం జరుగుతోందని భావిస్తున్నారా?’ అన్నది అందులో మొదటి ప్రశ్న. ఒకటి అంటే అస్సలు లేదని, ఐదు అంటే పూర్తిగా జరుగుతోందని. ఆ అంకెలను కంప్యూటరులోకి ఎక్కించడం ఆమె పని. బల్ల లేదు కాబట్టి కంప్యూటరును ఇనప అలమారా మీద పెట్టారు. కుర్చీ లేదు కాబట్టి ఆమె నిలబడి ఎక్కిస్తుంది. ఇప్పటికి రెండు లక్షల పదకొండు వేల మంది అభిప్రాయాలు నిలబడే ఎక్కించింది. పిక్కల మీద నరాలు పొట్లపాదు తీగల్లా మెలికలు తిరిగాయి. పెద్దాసుపత్రి డాక్టరు వాటిని వేలితో నొక్కి చూసి, "కూర్చుని పని చేసుకోమ్మా, లేకపోతే పుండ్లు పడతాయి" అని చీటీ మీద రాసిచ్చాడు. ఆమె న్యాయం నుంచి ఆశించింది ఒక కుర్చీ. చేతులు లేనిదైనా సరే.

డాక్టరు చీటీ జతచేసి అర్జీ పెట్టుకుంది. అది ఐదు బల్లలు తిరిగి, పది నెలలకు వెనక్కి వచ్చింది. ‘ఈ ఉద్యోగి పరిశోధనలో భాగం. ఇప్పుడు కుర్చీ ఇచ్చినచో, అది న్యాయము వలన వచ్చినదా, అర్జీ వలన వచ్చినదా తేలదు. కావున పరిశోధన ముగియువరకు ఇవ్వరాదు’ అని పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది. చెంచులక్ష్మి రెండుసార్లు చదివింది. తప్పు పట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు.

న్యాయం పడిన వాళ్ళకు మాత్రం అది చక్కగా పనిచేసింది. అటెండరు బ్రహ్మయ్యకు మొదటి సోమవారం చుక్కలు వేశారు. ఆ మధ్యాహ్నం నుంచి టీ కప్పులు ఎవరు తాగినవి వాళ్ళ బల్ల మీదికే వెళ్ళి కూర్చున్నాయి. వాళ్ళు లేచి కడుక్కునేదాకా ఎవరు లాగినా కదల్లేదు. పరిశోధక విద్యార్థిని హైమవతికి చుక్కలు పడిన వారానికి, ఆమె రాయగా డైరెక్టరుగారు అచ్చువేయించుకున్న వ్యాసాలన్నిటిలో ఆమె పేరు పైకి ఎగబాకింది. ఆయన పేరు జారి జారి చివరి పేజీలో కృతజ్ఞతల కింద, జిరాక్సు షాపు పేరు పక్కన ఆగింది. భద్రతా సంఘం అత్యవసరంగా కూడి దీన్ని దుష్ప్రభావంగా నమోదు చేసింది. అధికారులకు న్యాయం వెయ్యడం వయసు రీత్యా మంచిది కాదని అదే సమావేశంలో తీర్మానించారు.

చెంచులక్ష్మికి ఏమీ రాలేదు. తొమ్మిదేళ్ళపాటు సోమవారం సోమవారం నోరు తెరిచింది, గోటికి గీత పెట్టించుకుంది, వెళ్ళి అలమారా ముందు నిలబడింది. చూపు నిదానం కలది కాబట్టి ఒక సంగతి మాత్రం కనిపెట్టింది. చుక్కలు వేసే బల్ల మీద రెండు సీసాలుంటే చీమలు ఒక్క సీసా చుట్టే తిరుగుతాయి. ఆమె నోట్లో పడేది ఆ సీసాలోదే. జట్ల రహస్యం డైరెక్టరుగారి బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా చీమలకు లక్క ముద్ర అడ్డం కాదు.

"బ్రహ్మయ్యన్నా, నీకు ఏం రుచి తగిలిద్ది?" అని ఒకరోజు అడిగింది.

"రుచేముందమ్మా, పడ్డట్టు గూడా తెలవదు. కాసేపుంటే ఒళ్ళు తేలికైద్ది. నీకో?"

"తియ్యగా ఉంటదన్నా."

బ్రహ్మయ్య తుండుగుడ్డ దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "తియ్యగుంటే మంచిదేలే. పొద్దున్నే నోరు తీపి అయిద్ది" అని అటు తిరిగాడు.

చుక్కలు వేసేది సిస్టర్ ఎస్తేరు. ఆరోగ్య శాఖ నుంచి డిప్యుటేషను మీద వచ్చింది. ఆమె కూడా చీమలను చూసే ఉంటుంది, కానీ చూసినట్టు ఎక్కడా రాయలేదు. ఆ శ్రావణంలో ఒక సోమవారం వరసలో అందరూ అయిపోయాక చెంచులక్ష్మి కదలకుండా నిలబడింది.

"ఏంది తల్లీ, వేసేసినాగా?"

"సిస్టర్, ఒక్కసారి ఆ ఇంకో సీసాలోది వెయ్యండి."

"లెక్క చెడిపోయిద్ది."

"లెక్క ఎక్కించేది నేనే గదా."

సిస్టర్ ఎస్తేరు ఆమె కాళ్ళ వైపు చూసింది. చీర అంచు కింద పాదాలు బూరెల్లా పొంగి చెప్పుల్లోంచి బయటికి వచ్చాయి. సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూస్తే అడుగున ఒక్క అరచుక్క ఉంది. "ఇది కడిగి పారబోసేదే. పారబోస్తే పాపం. నోరు తెరువు" అంది.

అరచుక్కకు రుచి లేదు.

పన్నెండున్నరకు డైరెక్టరు ప్రొఫెసర్ పురుషోత్తంగారు తన గదిలో ‘కార్యస్థలంలో న్యాయం: మూడు పార్శ్వాలు’ అనే గ్రంథం రాసుకుంటున్నారు. ఆయన లెక్కలో న్యాయం మూడు రకాలు. పంపకంలో న్యాయం, పద్ధతిలో న్యాయం, పలకరింపులో న్యాయం. మొదటి రెండూ నాలుగు వందల పేజీలు వచ్చాయి. మూడోదానికి ఉదాహరణ దొరకక ఆరేళ్ళుగా ఖాళీ కాగితాలున్నాయి. ఆయన కలం సర్దుకోవడానికి కాస్త ముందుకు వంగగానే, వీపున తెల్ల టర్కీ తువ్వాలు కప్పిన ఆయన కుర్చీ కింద నుంచి తప్పుకుంది. తలుపు తోసుకుని వరండాలోకి వచ్చింది. చక్రాలు కీచుమంటూ, అకౌంట్సు గది దాటి, నోటీసు బోర్డు దాటి, రికార్డు గది గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. మందు అరచుక్కే పడింది కాబట్టి గుమ్మం దాటలేదు.

చెంచులక్ష్మి నాలుగు అని ఒక అంకె ఎక్కించి తల తిప్పి చూసింది. కుర్చీ సీటు ఇంకా వెచ్చగా, మధ్యలో కొంచెం గుంటపడి ఉంది. ఆమెకూ దానికీ మధ్య మూడడుగుల దూరం.

పది నిమిషాల్లో వరండా నిండింది. ఇద్దరు గుమాస్తాలూ బ్రహ్మయ్యా కలిసి కుర్చీని వెనక్కి లాగారు. కదల్లేదు. సంస్థ నియమావళి ఇరవై రెండో పేజీలో దీని సంగతి ముందే ఉంది. న్యాయం వల్ల కదిలిన వస్తువును అది ఎవరికి చెందవలసిందో వాళ్ళు తప్ప ఇంకొకరు కదిలించలేరు.

"కూర్చో చెంచులక్ష్మీ" అన్నాడు బ్రహ్మయ్య గొంతు తగ్గించి. "కూర్చున్నాక ఎవురూ ఏం చెయ్యలేరు. నా కప్పులు చూశావుగా."

చెంచులక్ష్మి ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టింది. తువ్వాలు మెత్తగా ఉంది.

అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ డైరెక్టరుగారు వచ్చారు. తొమ్మిదేళ్ళలో ఆయన ఆమెను ‘రికార్డు’ అనే పిలిచారు. ‘రికార్డూ, ఆ ఫైలు తే’ అనీ, ‘రికార్డుకి చెప్పండి’ అనీ. ఇప్పుడు ఆయన చేతులు రెండూ ముందుకు కట్టుకుని నిలబడ్డారు.

"చెంచులక్ష్మిగారూ" అన్నారు.

ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. అలమారా తప్ప ఎవరూ లేరు.

"చెంచులక్ష్మిగారూ, ఈ కుర్చీ మీదే. అందులో సందేహం ఏమీ లేదు. మీరు కూర్చుంటే నేను కాదనలేను. కానీ రెండో జట్టులో ఒక్కరు కూర్చున్నా తొమ్మిదేళ్ళ పరిశోధన పోతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. రాష్ట్రంలో అందరికీ అందాల్సిన న్యాయం ఇంకో తొమ్మిదేళ్ళు వెనక్కి పోతుంది. నిర్ణయం మీకే వదిలేస్తున్నాను. మీరు ఏది చేసినా గౌరవిస్తానండీ."

చెంచులక్ష్మి మోకాళ్ళ దగ్గర ఏదో వెచ్చగా కదిలి పైకి పాకింది. ఒళ్ళు తేలికయింది. బ్రహ్మయ్య చెప్పింది ఇదేనేమో అనుకుంది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"పర్లేదు సార్" అంది.

ఆమె తోస్తే కుర్చీ పిల్లిలా కదిలింది. నోటీసు బోర్డు దాటి, అకౌంట్సు గది దాటి, డెబ్బై నాలుగు అడుగులు తోసుకుంటూ పోయింది. డైరెక్టరుగారు ముందు నడిచి తన గది తెర స్వయంగా పక్కకు పట్టుకున్నారు. "రండి, జాగ్రత్త, గడప ఉంది" అన్నారు. ఆమె కుర్చీని బల్ల వెనక పెట్టి, తువ్వాలు సర్ది, బయటికి వచ్చింది. ఆయన కూర్చున్నారు. కూర్చుని ఖాళీ కాగితాలు ముందుకు లాక్కుని, సాయంత్రం అయ్యేసరికి మూడో భాగం పూర్తి చేశారు.

ఆ భాగంలో తేలింది ఇది. పలకరింపులో న్యాయం అందిన మనిషి పంపకంలో న్యాయాన్ని తన చేతులతో వెనక్కి తోసుకుంటూ తెచ్చి అప్పజెబుతుంది. దీనికి ఐసు పెట్టె అక్కర్లేదు. కరెంటు పోయినా పాడవదు. దుష్ప్రభావాలు లేవు కాబట్టి అధికారుల దగ్గర కూడా నిల్వ ఉంచుకోవచ్చు. గ్రంథానికి జాతీయ స్థాయి బహుమతి వచ్చింది. దసరా తర్వాత రాజధాని నుంచి చుక్కలు ఆగిపోయాయి, వాటి బదులు సర్క్యులరు వచ్చింది. ఇకపై సోమవారం పదిన్నరకు కింది ఉద్యోగులు వరసలో నిలబడితే, అధికారులు ఒక్కొక్కరినీ పేరు పెట్టి, ‘గారు’ చేర్చి, కళ్ళలోకి చూస్తూ పిలవాలి. రెండుసార్లు.

చుక్కలు ఆగిన పదో రోజుకు టీ కప్పులు బ్రహ్మయ్య దగ్గరికి తిరిగొచ్చాయి. ‘బ్రహ్మయ్యగారూ, వీలు చూసుకుని ఈ కప్పులు’ అనేవారు. వీలు చూసుకోమన్నారు కాబట్టి ఆయన వెంటనే కడిగేవాడు. హైమవతి పేరు మెల్లగా దిగి చివరి పేజీలో ఆగింది, ఈసారి ముందు ‘చిరంజీవి సౌభాగ్యవతి’ అని కూడా ఉంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. గోటి మీద ఊదారంగు గీత మాత్రం అలవాటు కొద్దీ అందరూ పెట్టించుకుంటూనే ఉన్నారు.

డైరెక్టరుగారు రోజూ పొద్దున రికార్డు గది ముందు ఆగుతారు. "కూర్చోండి చెంచులక్ష్మిగారూ" అంటారు.

"పర్లేదు సార్" అంటుంది నిలబడి.

అధికారుల మాట తీపిగానే ఉంటుంది. చీమలు మాత్రం రావడం మానేశాయి.

సంవత్సరాంతంలో ఏటా లాగే ప్రశ్నపత్రం ఆమెకు కూడా ఇచ్చారు. ఇన్నేళ్ళూ మొదటి ప్రశ్నకు రెండు వేసింది. ఈసారి వేలు ఐదు దాకా పోయి, పిక్కలో సలుపు పుట్టడంతో కాస్త వెనక్కి వచ్చి నాలుగు మీద ఆగింది. సంస్థ సగటు మూడున్నర దాటడం అదే మొదటిసారి.

కుర్చీ ఎలా కదిలిందని జరిపిన విచారణలో అరచుక్క సంగతి తేలింది. ముగ్గురు సభ్యుల సంఘం సిస్టర్ ఎస్తేరు మాట అంతా రెండు గంటలపాటు శ్రద్ధగా విని, మధ్యలో మంచినీళ్ళు ఇప్పించి, ఆమెను రికార్డు గదికి వేసింది. వయసు యాభై ఆరు, మోకాళ్ళు అరిగాయని ఆమె చెప్పుకున్న మాటను కూడా పూర్తిగా రాసుకున్నారు. వేసవి మొదటి సోమవారం ఆమె చేతిసంచీతో గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. సరిగ్గా కుర్చీ ఆగిన చోటే.

చెంచులక్ష్మి ఎదురు వెళ్ళి సంచీ అందుకుంది. తను ఆమెకు ఏదో బాకీ ఉన్నట్టు లోపల కలుక్కుమంది. దాన్ని ఎలా తీర్చాలో ఇప్పుడు తెలుసు కాబట్టి మొహం తేటపడింది.

"రండి సిస్టర్‌గారూ, రండి. కూర్చోండి" అంది.

సిస్టర్ ఎస్తేరు గదంతా కలియజూసింది. అలమారా, దాని మీద కంప్యూటరు, గోడవార ప్రశ్నపత్రాల మూటలు. మళ్ళీ చెంచులక్ష్మి మొహంలోకి చూసింది. ఆ మొహంలో వెటకారం లేదు.

"పర్లేదులే తల్లీ" అంది చివరికి, ఒక చెయ్యి గోడకు ఆనించి.

చెంచులక్ష్మి కంప్యూటరు వైపు తిరిగి, కొత్త వరసలో సిస్టర్ ఎస్తేరు పేరు కొట్టి, పక్కన నాలుగు ఎక్కించింది.