చీకటిగ్రహం మీద తనిఖీ

బట్టలుతికే యంత్రం తెస్తానని వెళ్ళిన మొగుడు చంకలో ఇమిడే పెట్టెతో తిరిగొస్తే ఏ ఇల్లాలైనా మొదట పెట్టెను చూస్తుంది, తర్వాత మొగుణ్ణి చూస్తుంది. ఈవిడ మాత్రం పెట్టెనే రెండుసార్లు చూసింది.

"ఇందులో దుప్పట్లు పడతాయాండీ?"

"దుప్పట్లేమిటే, గ్రహాలే పడతాయి!"

అతను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. వీధంతా మీటరుగారనే పిలుస్తుంది. ఇరవై ఏళ్ళు తిరిగిన కాళ్ళు కనక ఒకచోట నిలవవు. అన్నం తింటూ కూడా గుమ్మం దాకా వెళ్ళి వచ్చి రెండో ముద్ద కలుపుతాడు.

పెట్టెలో ఉన్నది వీడియో గేము. పేరు చీకటిగ్రహం. పాడుబడ్డ అంతరిక్ష కేంద్రంలో మనం ఒక్కళ్ళమే చిక్కుకుంటాం. తెర మీద మనం కనబడం, తుపాకీ పట్టిన మన చేతులే కనబడతాయి. వీపు మీద సీసాలో గాలి తరిగిపోతూ ఉంటుంది. చీకట్లోంచి ఆరుకాళ్ళ జంతువులు మీద పడతాయి.

"నచ్చకపోతే ఏడు రోజుల్లో ఇచ్చేసి ఇంకో వస్తువు తెచ్చుకోవచ్చట," అన్నాడు ధీమాగా. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఆవిడ అరవలేదు. అందుకే అతనికి భయం వేసింది. ఆవిడ ప్రెషర్ కుక్కర్ల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగం. ఆవిడ ముద్ర పడందే ఒక్క కుక్కరు గేటు దాటదు. చేతిసంచీలోంచి ఫ్యాక్టరీ కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచింది.

"ఆదివారం తనిఖీ చేస్తాను. బలాలు ఈ పక్క, బలహీనతలు ఈ పక్క. బలాలు ఎక్కువైతే మీ గ్రహం ఇంట్లో ఉంటుంది. లేదంటే బుధవారంలోగా పోయి నా యంత్రం వస్తుంది. అందాకా బట్టలు మీరే ఉతకండి."

ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయి. మీటరుగారు పన్నాగం పన్నాడు. ఆటలో ఐదో అంకం చివర కొండ అంచు ఒకటుందని దుకాణదారు చెప్పాడు. అక్కడ ఇద్దరు చంద్రులు ఒకేసారి ఉదయిస్తారు. జంతువు అనేది ఉండదు. ఆట అక్కడ ఆపి ఉంచి, ఆవిణ్ణి నేరుగా ఆ వెన్నెల్లో కూర్చోబెట్టాలి.

తీరా ఆడబోతే మూడో అంకం దాటడమే గగనమైంది. కేంద్రం గోడల నిండా మీటర్లున్నాయి. మీటరు కనబడితే దగ్గరికెళ్ళి అంకెలు చదవకుండా ఉండలేడు. చదువుతుండగా వెనకనుంచి జంతువొచ్చి తినేసేది. ఆటను సులువు మెట్టుకు దించుకుని, కళ్ళు సగం మూసుకుని, శనివారం సాయంత్రానికి ఎలాగో కొండ ఎక్కాడు.

ఆదివారం పొద్దున్నే ఆవిడకి కుర్చీ వేశాడు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి మొదలెట్టు. ఆ చంద్రుల్ని చూడు!"

"శాంపిలు మీరు ఏరిస్తే దాన్ని తనిఖీ అంటారా?" అని ఆవిడ ఆటను మొదటికి తిప్పింది. సులువు తీసేసి అన్నిటికన్నా కష్టమైన మెట్టు పెట్టింది. "సన్నమంట మీద ఏ కుక్కరూ పేలదు. మీరు రాయండి, నేను చెబుతాను."

ఆవిడ ఎవర్నీ కాల్చలేదు. గోడ వెంబడే నడిచింది. ప్రతి తలుపూ మూడుసార్లు తీసి వేసింది. ఒక డబ్బాను నలభైసార్లు కొట్టి పగుళ్ళు చూసింది. ఇంతలో జంతువు దూకింది.

"కాల్చు! కాల్చవే!" మీటరుగారు ఉతకబోతున్న బట్టల బకెట్టు పట్టుకుని గెంతాడు.

"ఆగండి, కీళ్ళు ఎలా అమర్చారో చూస్తున్నా."

జంతువు మింగేసింది. ఆవిడ తల పంకించింది. "బలం. అడుగుల చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో చెవికే తెలిసిపోతోంది. రాయండి. తుపాకీకి బరువుంది, అదీ రాయండి. గాలి తరుగుతుంటే నా మెడ దానంతటదే బిగుసుకుంది. పనితనం అంటే అదీ."

మీటరుగారు అక్షరాలు లావుగా పెట్టి రాశాడు.

"బలహీనత. ఆ తోటి సైనికుడు 'జాగ్రత్త, అవి చుట్టూ ఉన్నాయి' అని పదకొండుసార్లన్నాడు. పన్నెండోసారి అంటే నేనే కాలుస్తాను."

"పాపం, మంచివాడే!"

"రాయండి. చచ్చిన ప్రతిసారీ అదే నడవా మొదట్నుంచీ నడవాలి. పెద్ద జంతువంటే చిన్న జంతువునే సాగదీశారు. పూత అదే, కీళ్ళూ అవే."

మధ్యాహ్నానికి బలాలు తొమ్మిది, బలహీనతలు ఎనిమిది అయ్యాయి. మీటరుగారికి అరికాళ్ళలో చీమలు పాకాయి. తెర మీద ఆవిడ ఎడమకి తప్పుకుంటే ఇక్కడ అతను తప్పుకున్నాడు. ఆవిడ వంగితే అతను వంగాడు. ఆవిడ గోతి మీంచి దూకింది. అతనూ దూకి రెండు కాళ్ళూ బకెట్లో పెట్టాడు. ముందుగదంతా నురగ.

ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకుంది గానీ తెర మీంచి చూపు తిప్పలేదు. ఒక నిచ్చెన బోల్టులు చూద్దామని నాలుగు మెట్లెక్కింది. కింద ఇరవై జంతువులు పోగయ్యాయి. పోగై, మొహాలు పైకెత్తి నిలబడ్డాయి. ఒక్కటీ ఎక్కలేదు.

"ఏవండీ, వీటికి నిచ్చెన రాదు."

అక్కడే కూర్చుని, బొత్తాలు కుట్టినంత తీరిగ్గా, చిన్న తుపాకీతో ఒక్కొక్కదాన్నీ కాల్చేసింది.

"అదేం యుద్ధమే!" అన్నాడు నురగలోంచి.

"గెలిచానుగా. ఇలాంటి నిచ్చెన ప్రతి గదిలోనూ ఉంది. మీరు మీటర్లు చూస్తూ చూడలేదు. రాయండి, తొమ్మిదో బలహీనత."

అతను రాసి, రెండు పక్కలా లెక్కపెట్టాడు, సరిసమానం. ఆవిడ ఐదో అంకం దాకా వెళ్ళి, ఇద్దరు చంద్రుల్నీ కాసేపు చూసి నిట్టూర్చింది. "ఇది పదో బలం. న్యాయం న్యాయమే." కాగితం మీద పాసు ముద్ర కొట్టింది. "ఉంచుకోండి."

మీటరుగారు నురగలోనే చిందేశాడు.

సోమవారం డ్యూటీ దిగి, చెప్పులైనా విడవకుండా ఆటముందు కూర్చున్నాడు. చీకట్లో అడుగుల చప్పుడైంది. మొన్నటిదాకా ఆ చప్పుడుకి గుండె గొంతులోకి వచ్చేది. ఇవాళ కళ్ళు నిచ్చెన కోసం వెతికాయి. ఎక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. జంతువు ఒక్కటిచ్చింది. మీట మీది బొటనవేలు ఒట్టు మరిచి నిచ్చెన ఎక్కేసింది. కింద ఇరవై మొహాలు, కుళాయి దగ్గర జనంలా, ఓపిగ్గా నిలబడ్డాయి.

మంగళవారం నిచ్చెన కనబడకుండా కళ్ళకి గుడ్డ అడ్డం కట్టుకుని ఆడాడు. వేళ్ళు గోడ తడుముకుంటూ వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాయి. కాలుస్తూ కాలుస్తూ, జన్మలో మొదటిసారి, కూర్చున్నచోటే నిద్రపోయాడు.

"ఏం, బాగా సాగుతోందా?" అందావిడ తడి దుప్పటి ఇంకోకొస అతని చేతికిస్తూ.

"ఆ... బ్రహ్మాండం," అన్నాడు, ఆవలింత మింగుతూ.

బుధవారం సాయంత్రం పెట్టె చంకలో పెట్టుకుని దుకాణం మెట్లెక్కాడు.

"లోపమేమిటి సార్?" అన్నాడు దుకాణదారు.

"లోపమేం లేదయ్యా. తనిఖీలో పాసైంది."

"మరెందుకు ఇచ్చేస్తున్నారు?"

మీటరుగారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారాడు.

దుకాణదారు ఇక అడగలేదు. మూలనున్న బట్టలుతికే యంత్రం మీది గుడ్డ తీశాడు. దానికి మీటరుగారి ఇంటి నంబరు రాసిన చీటీ వేలాడుతోంది.

"అమ్మగారు సోమవారమే వచ్చి ఇది విడిగా పెట్టించారు. బుధవారం ఆరింటికి మీరే వస్తారన్నారు." అతను గోడగడియారం చూసి, ఒక కుర్చీ ముందుకు జరిపాడు. "బండివాణ్ణి ఆరింటికే రమ్మన్నాను. ఇంకా పది నిమిషాలుంది. కూర్చోండి సార్."