నాయన సమాధి మీద హీరో

ఫోనులో చోటు చాలకపోవడమంత దరిద్రం ఇంకోటి లేదు. నంద్యాలలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ ఆదినారాయణకు తెల్లారేసరికి పూలబొమ్మల శుభోదయాలు వంద వచ్చి పడతాయి. ఆరు నెలల కిందట అవి నిండిపోయి ఫోను మొరాయిస్తే, భార్య ఉమామహేశ్వరమ్మ కూర్చుని పాత ఫోటోలు తీసేసింది. పోయిన మామగారి, అంటే ఆదినారాయణ నాయన ఫోటోలు కూడా వాటిలో కలిసిపోయాయి. ఒక్కటే మిగిలింది. అందులో మామగారి పక్కన హీరో రణధీర్ ఉన్నాడు.

"ఆ హీరోయప్ప ఉండే ఫోటో యట్ట తీసేసేది?" అంది ఆమె.

ఆదినారాయణకు కోపం రాలేదు, పాఠం వచ్చింది. అది ఆయన జబ్బు. తప్పు ఆమెది కాదనీ, లక్ష ఏళ్ళ కిందటి మనుషులదనీ మొదలుపెట్టాడు. అడవిలో గుంపులుగా తిరిగిన కాలంలో మంచి వేటగాడి పక్కన చేరినవాడికే మాంసం ముక్క దొరికేది. వాడు ఈటె ఎట్లా విసురుతాడో కన్నార్పకుండా చూసినవాడే బతికి బట్టకట్టాడు. అందుకే పేరున్నవాడు కనిపిస్తే నేటికీ మన కళ్ళు అటే తిరుగుతాయి. రోజూ కనిపించే మొహం మనవాళ్ళదేనని మెదడు నమ్ముతుంది, టీవీ వచ్చిన సంగతి పాపం దానికింకా తెలియదు. ఉమామహేశ్వరమ్మ అంతా విని, ఉప్మా చల్లారిపోతోందని చెప్పింది.

ఆ మిగిలిన ఫోటోనే ఆయన ఆళ్ళగడ్డలో శిల్పి ఓబయ్యకు పంపాడు. రుద్రవరం దగ్గర సొంత పొలంలో, నాయన సమాధి మీద నిలువెత్తు రాతిబొమ్మ పెట్టాలని తల్లి వెంకటమ్మ పంతం. ఏడాది తిరిగేలోగా ఆయన మొహం మళ్ళీ చూడకపోతే తనకు కూడు సహించదని చెప్పి, నిజంగానే సగం తిండి మానేసింది. ఓబయ్య నలభై ఏళ్ళుగా దేవుళ్ళను చెక్కుతున్నాడు, సినిమాలు చూడడు. ఫోటోలో ఇద్దరున్నారు, ఎవర్ని చెక్కాలని ఫోను చేసి అడిగాడు.

"రైతు గదప్పా, చూస్తానే తెలుస్తాది" అని, క్లాసుకు పరుగెడుతున్న ఆదినారాయణ ఫోను పెట్టేశాడు.

చూడగానే తెలిసింది కూడా. కాకపోతే అది యాగంటి దగ్గర షూటింగులో తీసిన ఫోటో. రణధీర్ ఆ రోజు రైతు వేషంలో పంచె, తలపాగా, మెలితిప్పిన మీసాలతో ఉన్నాడు. హీరోతో ఫోటో కదా అని నాయన మీసం గొరిగించుకుని, కొడుకు ప్యాంటు వేసుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

సంవత్సరీకం నాడు ఆదినారాయణ లెక్క చాలా సులువు. ఎనిమిదికి ఆళ్ళగడ్డలో బొమ్మను ట్రాక్టరు ఎక్కించడం, పదకొండుకు పూజ, భోజనాలు, పొద్దుగూకేలోపు నంద్యాల. ఓబయ్య బొమ్మ మొహానికి గుడ్డ కట్టి ఇచ్చాడు. దేవుడైనా, లెక్చరర్ నాయనైనా, పూజకు ముందు మొహం చూడకూడదని ఆయన నియమం.

బొమ్మను సమాధి మీద నిలబెట్టి, అడుగున సిమెంటు కూడా వేశాక, వెంకటమ్మ గుడ్డ లాగింది. నల్లరాతిలో రణధీర్ మీసం మెలేసి చూస్తున్నాడు. గట్టు మీది బంధువులు ఫోన్లు పైకెత్తారు.

"చచ్చినాక మామకు కళ వచ్చినాది" అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఆదినారాయణ పక్కకు పోయి ఓబయ్యకు ఫోను చేశాడు.

"ఆ ప్యాంటాయన్ని సినిమాయప్ప అనుకుంటి సార్" అన్నాడు ఓబయ్య.

ఈలోపు బంధువుల ఫోన్లు పని చేసుకుపోయాయి. మధ్యాహ్నానికి ఆళ్ళగడ్డ నుంచి ముప్పై బైకులు దిగాయి. అభిమాన సంఘం అధ్యక్షుడు మహేష్ పాలప్యాకెట్లతో బొమ్మకు అభిషేకం చేసి, ఆదినారాయణ కాళ్ళకు మొక్కాడు. హీరోకు సొంత పొలంలో గుడి కట్టిన మనిషిని తానింతవరకు చూడలేదన్నాడు. బంధువులకు వండించిన అన్నం అభిమానులే తిన్నారు.

రేపే దీన్ని పీకించేస్తానని ఆదినారాయణ చెప్పగానే మొక్కిన చేతులు నడుముల మీదికి వెళ్ళాయి. ఆయన గట్టెక్కి వాళ్ళకు శాస్త్రం చెప్పబోయాడు. వేటగాళ్ళ దాకా బాగానే విన్నారు. ఆ తరువాత కోతులొచ్చాయి. పెద్దకోతి బొమ్మ చూపిస్తే మామూలు కోతులు నోటి దగ్గరి పండ్లరసం కూడా వదులుకుని దాన్నే చూస్తాయని చెప్పాడు.

ఖాళీ పాలప్యాకెట్లు పట్టుకున్న ముప్పైమంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"కోతులెవురు సార్?" అన్నాడు మహేష్ మెల్లగా.

ప్రాణం మీదికొస్తే శాస్త్రం నిలవదు. "ఇది మా నాయన బొమ్మే అప్పా. ఆయన అచ్చం ఈ హీరో మాదిరే ఉంటాండె" అనేశాడు ఆదినారాయణ.

మహేష్ దగ్గరికొచ్చి ఆయన మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అవునప్పా, ముక్కు అదే" అన్నాడు. అంతే, సెల్ఫీలకు వరుస కట్టారు. మొదటి రెండింటికి ఆదినారాయణ తల దించుకున్నాడు. మూడోదానికి జుట్టు సర్దుకున్నాడు. పదోది తీసేవాడికి, ఎడమ పక్క నుంచి తీస్తే బాగా వస్తుందని చెప్పాడు.

నెల తరువాత, సిగ్గుపడిన ఓబయ్య ఏదో పెళ్ళి ఆల్బం మూలలో దొరికిన నాయనను చూసి రెండో బొమ్మ చెక్కి ఇచ్చాడు. ట్రాక్టరు మీద పొలానికొచ్చిన బొమ్మను చూసి వెంకటమ్మ కళ్ళొత్తుకుంది.

"అచ్చం ఆయనే నాయనా."

"అయితే అది తీసి ఇది పెట్టిద్దునా మా?" అన్నాడు ఆదినారాయణ.

వెంకటమ్మ రణధీర్ మెడలో దండ సరిచేసింది. ఈ మధ్య ఆమె రెండు పూటలా కడుపునిండా తింటోంది.

"యాభై ఏండ్లు ఆ మొగమే చూస్తి. దాన్ని నువ్వు నంద్యాలకు తీసకపో."

ఇప్పుడు నాయన నంద్యాలలో స్కూటరు పెట్టే చోట నిలబడి ఉన్నాడు, స్కూటరు వానలో తడుస్తోంది. వెంకటమ్మను ఒప్పించి ఆయన్ని ఆయన సమాధికి చేర్చే ఉపాయం పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే, మీకు పుణ్యముంటుంది, దయచేసి చెప్పండి. సలహాతోపాటు మోయడానికి ఆరుగురిని కూడా పంపండి.