కోయిల సైరన్

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర పెట్టిన అర్జీ ఆ చివరికి చేరేసరికి అర్జీదారుకి మనవలు పుట్టేంత పెద్ద అడవిలో, వాగుకి అడ్డంగా ఓ ముసలి ఆనకట్ట ఉండేది. తాతలనాటి ఏనుగులు కట్టిన కట్ట అది. దాని మీదనించి దూకే నీళ్లు చక్రాన్ని తిప్పితే కరెంటు పుట్టేది. ఆ కరెంటుతోనే సింహంగారి గుహలో దీపాలూ ఫ్యాన్లూ నడిచేవి. కట్ట కింద వాగొడ్డున కుందేళ్ల పేట ఉంది. వాళ్లకి కరెంటు లేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఆనకట్టకి లష్కరు గంగులు అనే ఉడుము. తూము తలుపులు ఎత్తడం, దించడం, పొద్దున్నే గట్టు అడుగున ఊట చూడడం అతని పని. ఊట తేటగా వస్తే భయం లేదు. బురదగా వచ్చిందంటే గట్టు లోపలి మట్టి కరిగిపోతున్నట్టే. ఒకరోజు ఆ ఊట ఎర్రగా వచ్చింది.

గంగులు ఒక్క పరుగున సింహంగారి సభకి పోయాడు. "అయ్యా, నీళ్లు సగానికి దించెయ్యాలి. గట్టు తవ్వి లోపల కొత్తగా బంకమట్టి కూరాలి. నాలుగు నెలలు కరెంటుండదు. చెయ్యకపోతే మాత్రం కుందేళ్ల పేట కొట్టుకుపోతుంది."

"నాలుగు నెలలు కరెంటుండదా!" సింహంగారు గుండె పట్టుకున్నారు.

ఇంజనీరు ఎలుగుబంటి గొంతు సవరించుకుంది. "వాడి మాటలకేం గానీ ప్రభూ, నీళ్లు దించకుండానే బాగుచేసేద్దాం. గట్టుకి సున్నం, తూములకి రంగు. కొత్త కట్టలా ఉంటుంది."

"మరి లోపల?" అన్నాడు గంగులు.

"లోపల ఎవరు చూస్తారయ్యా?"

అలాగని ప్రజల భద్రతని గాలికొదిలేస్తారా? కార్యదర్శి నక్కని పెద్దగా పెట్టి భద్రతా సంఘం వేశారు. సంఘం మూడు వారాలు సుష్ఠుగా మేసి, పేటకి అసలు ప్రమాదం భయంవల్లేనని తేల్చింది. ఆ భయం పుట్టించేది తీతువు పిట్ట అట.

తీతువు పేరు అచ్చమ్మ. ఆనకట్టకి సైరన్ ఆవిడే. తూములెత్తే ముందు పేట మీద ఎగురుతూ గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు వినగానే కుందేళ్లు పిల్లల్ని నోట కరుచుకుని గుట్ట ఎక్కేసేవి. ఎన్నో తరాలుగా వాళ్లకి అదే అలవాటు. మిగతా అడవికి మాత్రం తీతువు కూత అపశకునం.

"శుభమా అని మరమ్మతు చేసుకుంటుంటే మధ్యలో ఆ దిక్కుమాలిన గొంతేంటి ప్రభూ! సైరన్‌గా కోయిలని పెడదాం. వినసొంపుగా ఉంటుంది" అంది నక్క. నోరెత్తకూడదని ఉత్తర్వు ఇచ్చి, అచ్చమ్మని కొండ మీదికి బదిలీ చేశారు.

మరమ్మతు పూర్తయింది. గట్టు పెళ్లికొడుకులా మెరిసిపోయింది. ప్రారంభోత్సవానికి పందిరి ఎక్కడ వేశారో చెబితే నమ్మరు, కట్ట కిందే, నడి వాగులో! అక్కడి ఇసుక రాజావారి పాదాలకి మెత్తగా ఉంటుందట.

ఆ పొద్దున గంగులు వెళ్లి చూస్తే, వేలెడు ఊట ఏనుగు తొండమంత లావైంది. తూములెత్తుదామంటే కొత్త రంగు బిగుసుకుపోయి తలుపులు కదల్లేదు. పందిట్లోకి పోయి మొత్తుకున్నాడు. "మంచిరోజు పూట ఆ మాటలేంట్రా?" అని నక్క బయటికి గెంటించింది.

కోయిల దగ్గరికి పరుగెత్తాడు. "కూత పెట్టు తల్లీ, కట్ట తెగుతోంది!"

కోయిలని అనడానికి లేదు, పాపం ప్రాణం పెట్టి కూసింది. కింద కుందేళ్లు పిల్లల్ని కూడా తెచ్చుకుని వాగొడ్డున చతికిలబడ్డాయి. "ఇంకొక్కటి పాడు తల్లీ" అని ముసలి కుందేలు చెవులూపింది.

గంగులుకి ఏడుపొచ్చింది. రొప్పుతూ కొండెక్కాడు.

"అచ్చమ్మక్కా, ఒక్కసారి గొంతెత్తు!"

"నోరెత్తితే రెక్కలు కత్తిరిస్తామన్నారు కదరా తమ్ముడూ."

"పేటలో పిల్లలున్నారక్కా. అందరూ ఒడ్డునే కూచున్నారు."

అచ్చమ్మ అతని మొహంలోకి చూసింది. "చస్తే చస్తాను, పద" అని ఎగిరింది.

కొండ మీదనించి పేట దాకా ఆవిడ అరిచిన అరుపుకి చెట్లు ఆకులు రాల్చాయంటే రాల్చాయి. కుందేళ్లు పాటా గీటా వదిలేసి, పిల్లల్ని కరుచుకుని గుట్టెక్కేశాయి.

సరిగ్గా అప్పుడే పందిట్లో సింహంగారు లేచారు. ఒడ్డు మీది చక్రం గదికి రిబ్బను కత్తిరించాలి. ఇంకో నాలుగడుగులు వేస్తే పరివారంతో సహా ఒడ్డెక్కేసేవారే.

"ఆగండి ప్రభూ!" నక్క అడ్డం పడింది. "అడుగు బయట పెడుతుంటే తీతువు కూత! కాసేపు కూర్చుని, నాలుగు గుక్కలు నీళ్లు తాగి బయల్దేరాలి."

"అవును, అది మన ఆచారం" అంది ఎలుగుబంటి. అందరూ పద్ధతిగా మళ్లీ కూర్చున్నారు. సింహంగారు నీళ్లు తెమ్మన్నారు.

నీళ్లొచ్చాయి.

ఎవరూ పోలేదు లెండి, అలాంటివాళ్లు అంత తొందరగా పోరు. సింహంగారు రెండు మైళ్ల అవతల తుమ్మచెట్టుకి జూలు చిక్కుకుని దొరికారు. ఎలుగుబంటి బురదలో తలకిందులుగా దొరికింది. నక్క మాత్రం ఒళ్లు ఆరకముందే విచారణ సంఘానికి పెద్ద అయిపోయింది. తీతువు కూసింది, ఆ వెంటనే కట్ట తెగింది, కాబట్టి కూతవల్లే తెగిందని తేల్చింది. అచ్చమ్మకీ గంగులుకీ ఉద్యోగాలు ఊడాయి. ప్రజల్లో ప్రశాంతత కాపాడినందుకు కోయిలకి శాలువా కప్పారు.

ఉద్యోగం పోయిన రోజున గంగులు, అచ్చమ్మ గుట్ట మీదికి వెళ్లారు. కిందున్న బొరియలన్నీ బురదతో పూడిపోయాయి గానీ, పిల్లలు ఒక్కరు కూడా తగ్గలేదు. గంగులు రెండుసార్లు చూసుకున్నాడు.

ముసలి కుందేలు దగ్గరికొచ్చింది. "మీ మేలు మరిచిపోం బాబూ. ఒక్క మాట. కొత్త కట్ట కట్టాక ఆ కోయిలనే ఉంచమని చెబుతారా? ఈవిడ గొంతు వింటే మాకు గుండెదడ."

గంగులుకి ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే అచ్చమ్మ రెక్కతో ఆపింది.

"పోన్లేరా తమ్ముడూ. ఆ మాట అనడానికి బతికున్నారు కదా."

నీతి: కట్ట పదికాలాలు నిలబడాలంటే, తెగుతుందని చెప్పేవాళ్లని ముందుగానే ఇంటికి పంపాలి.